లినక్స్‌లో గేమ్ క్రాషవుతోందా? చెయ్యి పెట్టేముందు కాస్త ఆగండి

మ్యాచ్ మంచి ఊపులో ఉండగా గేమ్ ఠక్కున మూసుకుపోతే ఒళ్లు మండుతుంది. ఆ కోపంలో కనబడ్డ కమాండల్లా టెర్మినల్‌లో పేస్ట్ చేస్తే, ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే.

అసలు అది లినక్స్‌లో నడవాల్సిన గేమేనా? అపెక్స్ లెజెండ్స్ 2024 అక్టోబరు 31 నుంచి లినక్స్ వాళ్లని లోపలికి రానివ్వడం లేదు. వాలరెంట్‌కి కావలసిన వ్యాన్‌గార్డ్ (ఆటలో మోసాలను పట్టే యాంటీ-చీట్ ప్రోగ్రామ్) ఇక్కడ పనిచెయ్యదు. యాంటీ-చీట్‌ను ఏమార్చే చిట్కాల జోలికి పోతే క్రాష్ సంగతి దేవుడెరుగు, అకౌంటే పోతుంది.

రిపేరు సాగినన్నాళ్లూ ర్యాంక్‌డ్ మ్యాచ్‌లు వద్దు. మాటిమాటికీ మధ్యలో పడిపోతే కౌంటర్-స్ట్రైక్ 2, డోటా 2 లాంటివి మిమ్మల్ని కొంతకాలం పక్కన కూర్చోబెడతాయి. కంప్యూటరే ఆడించే బాట్లతో ఆడి చూసుకోండి.

విండోస్ గేమ్‌లను లినక్స్‌లో నడిపించే స్టీమ్ ప్రోటాన్, ఒక్కోదానికీ ఒక ఉత్తుత్తి సీ డ్రైవ్ సృష్టిస్తుంది. అది కంపాట్‌డేటా ఫోల్డర్‌లో ఉంటుంది. "దాన్ని డిలీట్ చేసెయ్" అన్న సలహా చాలాసార్లు పనిచేస్తుంది, నిజమే. క్లౌడ్‌కి ఎక్కని సేవ్‌లు, సెట్టింగులు కూడా దాంతోపాటే పోతాయి. నాకోసారి పోయాయి. అప్పట్నుంచి డిలీట్ చెయ్యను, పేరు చివర 'పాత' అని తగిలించి పక్కన పెడతాను.

ఏదీ మార్చకముందే, క్రాషైన టైము రాసుకుని సిస్టమ్ చిట్టా చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌లో సరిగ్గా ఆ నిమిషానికి కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) ఏమందో చూడండి. ఎన్విడియా కార్డుకి ఎక్స్‌ఐడీ, ఏఎమ్‌డీకి రింగ్ టైమౌట్ అని కనిపిస్తే గ్రాఫిక్స్ వైపు వెతకాలి. అవుట్ ఆఫ్ మెమరీ అని ఉంటే ర్యామ్ చాలక కెర్నలే గేమ్‌ను చంపేసిందన్నమాట. అప్పుడు ముందు బ్రౌజర్ మూసి చూడండి. ర్యామ్ ఖాళీగానే ఉన్నా పెద్ద గేమ్‌లు కొన్ని పడిపోతుంటాయి. ఒక ప్రోగ్రామ్ మెమరీని ఎన్ని ముక్కలుగా వాడుకోవచ్చో చెప్పే మ్యాక్స్ మ్యాప్ కౌంట్ అనే పరిమితి, పాత లినక్స్ పంపిణీల్లో (డిస్ట్రోల్లో) 65530 దగ్గరే ఉండటం అందుకు ఒక కారణం. ఫెడోరా 39, ఉబుంటు 24.04 దాన్ని 1048576కి పెంచాయి. మీరూ పెంచుకోవచ్చు, ప్రమాదం లేదు.

అసలు భయపడాల్సింది డ్రైవర్‌తోనే. ముందు టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌తో, సిస్టమ్‌ని వెనక్కి తెచ్చుకోవడానికి పనికొచ్చే స్నాప్‌షాట్ తీసుకోండి. మామూలు సెట్టింగుల్లో అది హోమ్ ఫోల్డర్‌ను వదిలేస్తుంది కాబట్టి సేవ్‌ల కాపీ విడిగా ఉండాల్సిందే. పంపిణీ ఇచ్చిన ఎన్విడియా ప్యాకేజీ ఉండగా దానిమీదే వెబ్‌సైట్ నుంచి దించిన ఇన్‌స్టాలర్ నడపొద్దు. రెండూ కొట్టుకుంటే డెస్క్‌టాప్ స్థానంలో నల్లటి తెరే మిగులుతుంది.

పాత కెర్నల్‌ని మాత్రం తీసెయ్యకండి. ఈమధ్య అప్‌డేట్ తర్వాతే క్రాష్‌లు మొదలయ్యాయా? రీస్టార్ట్ చేసి, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోంచి పాతదాన్ని ఎంచుకుని ఒక గంట ఆడండి. క్రాష్ రాకపోతే దొంగ దాదాపు దొరికినట్టే. తర్వాతి అప్‌డేట్ వచ్చేదాకా దాంతోనే నెట్టుకురండి.