పేషెంటు "లేదు" అన్నప్పుడు: నర్సింగ్ విద్యార్థులకు ఒక కేసుతో మాట నేర్పడం ఎలా?

"పొద్దున ఏమైనా తిన్నారా అమ్మా?"

"లేదు సిస్టర్, ఏమీ తినలేదు."

పిత్తాశయంలో రాళ్ళకి తొమ్మిదింటికి ఆపరేషన్. విద్యార్థిని అడిగింది, పేషెంటు చెప్పింది, కేసు షీటులో టిక్కు పడింది. తీరా ఆపరేషన్ థియేటర్ (ఓటీ) లోకి వెళ్ళాక మత్తు డాక్టర్ "టీ తాగారా?" అంటే, "ఆఁ, ఆరింటికి ఒక గ్లాసు" అందామె.

నేను క్లాసులో మొదట ఇచ్చే కేసు ఇదే. ఆమె అబద్ధమేమీ ఆడలేదు. మన ఇళ్ళల్లో తినడమంటే అన్నమో టిఫినో, టీ ఆ లెక్కలోకి రాదు. కానీ పాలు కలిసిన టీ తాగితే, మత్తు ఇవ్వడానికి మామూలుగా ఆరు గంటలు ఆగాలి. ఈలోగా ఇస్తే కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అప్పుడు ప్రాణం మీదికొస్తుంది.

"పేషెంటుతో స్పష్టంగా మాట్లాడాలి" అని బోర్డు మీద రాస్తే పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు, పరీక్షలో రాస్తారు. మర్నాడు వార్డులో మళ్ళీ "తిన్నారా?" అనే అడుగుతారు. అందుకే సమస్య ముందు, పాఠం తర్వాత. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ 1969లో వైద్య విద్యార్థులకు ఈ పద్ధతిలో చదువు మొదలుపెట్టింది. మన క్లాసులో చేయడానికి కాగితం, బోర్డు, ఓపిక ఉంటే చాలు.

కేసును ముక్కలుగా రాయండి

మూడు చీటీలు చేయండి. మొదటి దాంట్లో వార్డులో జరిగిన మాటలు, రెండో దాంట్లో ఓటీలో బయటపడిన సంగతి, మూడో దాంట్లో వాయిదా పడిన ఆపరేషన్, బయట ఆందోళనగా కూర్చున్న కూతురు. పేషెంటు నోట ఎలా వస్తుందో అలాగే రాయండి. తప్పెక్కడుందో మాత్రం రాయకండి.

ఎనిమిది పది మందిని కూర్చోబెట్టండి

ఒకరు నడిపిస్తారు, ఒకరు బోర్డు మీద రాస్తారు. తెలిసినవి, అనుకుంటున్నవి, తెలుసుకోవాల్సినవి అని మూడు గడులు. ఒక చీటీ మీద మాట్లాడటం అయ్యాకే తర్వాతిది ఇవ్వండి.

మీరు నోరు మూసుకోండి

ట్యూటర్‌కి అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. రెండో చీటీ చదవగానే "పేషెంటుదే తప్పు మేడమ్, టీ తాగి చెప్పలేదు" అంటారు. అక్కడ జవాబు చెప్పేయాలని నాలుక దురదపెడుతుంది. చెప్పకండి. ఒక్క ప్రశ్న వేయండి: "ఆమె ఏ మాటకి లేదంది?" కాసేపు నిశ్శబ్దం. ఎవరో ఒకరు మొదటి చీటీ మళ్ళీ తీసి చూస్తారు. "మనం టీ గురించి అడగనేలేదు కదా" అన్న మాట వాళ్ళ నోటి నుంచే రావాలి. దానికి పావుగంట పట్టినా ఆగండి.

రెండు మూడు రోజులు టైమివ్వండి

తెలుసుకోవాల్సినవి పంచుకుంటారు. ఒకరు ఆపరేషన్‌కి ముందు ఎన్ని గంటలు పరగడుపున ఉండాలో చదువుతారు. ఒకరు డాక్టర్‌కి విషయం చెప్పే పద్ధతి చూసుకొస్తారు. ఇంకొకరు ఇంట్లో నాయనమ్మనో, పక్కింటి పెద్దాయననో "తిన్నారా" అంటే ఏమనుకుంటారో అడిగి రావాలి. నాకైతే ఈ మూడో పనే విలువైనది.

మళ్ళీ కూర్చున్నప్పుడు ప్రశ్న తిరగరాయించండి

ఒకరు పేషెంటు, ఒకరు నర్సు. నాలుగైదు సార్లు చేశాక ప్రశ్న ఇలా తేలుతుంది: "నిన్న రాత్రి నుంచి ఏమేం తీసుకున్నారు? టీ, కాఫీ, మంచినీళ్ళు, బిళ్ళలు, ఏదైనా సరే చెప్పండి. ఆఖరుసారి ఎన్నింటికి?" అవును, కాదు అని తప్పించుకునే వీల్లేని ప్రశ్న ఇది.

టీ సంగతి తెలిశాక "ముందే చెప్పాలని తెలీదా?" అని కసిరితే అక్కడే ఆపించండి. ఒకసారి తిట్లు తిన్న పేషెంటు రెండోసారి దాస్తుంది.

తర్వాత మత్తు డాక్టర్‌కి ఫోను చేసి చెప్పడం నేర్పండి. ఇప్పుడేం జరుగుతోంది, ముందు సంగతేంటి, నా అంచనా ఏంటి, మీరేం చేయాలి అన్న ఈ వరుసని ఎస్‌బార్ అంటారు. అమెరికా నౌకాదళంలో పుట్టి ఆసుపత్రులకొచ్చింది. "సార్, ఫీమేల్ సర్జికల్ వార్డు నుంచి. తొమ్మిదింటి గాల్‌బ్లాడర్ కేసు, ఆరింటికి పాల టీ తాగారు. రాత్రి నుంచి పరగడుపున ఉండమని చెప్పాం. ఆరు గంటలు కాలేదు కాబట్టి మత్తుకి రిస్క్ అనుకుంటున్నాను. వాయిదా వేయాలా, మీరొచ్చి చూస్తారా?" డాక్టర్ చెప్పింది రాసుకుని, తిరిగి చదివి వినిపించి, ఔనన్నాకే ఫోను పెట్టాలి.

వార్డులో పక్కన నిలబడి వినండి

మార్కులు అక్కడ వేయండి. ప్రశ్న అడిగాక విద్యార్థిని జవాబు కోసం ఆగిందా, కేసు షీటు చూస్తూ అడిగిందా, పేషెంటు మొహం చూస్తూ అడిగిందా గమనించండి.

వారం తిరిగేసరికి రెండో కేసు ఇవ్వండి. మొదటి చీటీలో రెండే వాక్యాలు: వార్డులో ఇద్దరు లక్ష్మమ్మలున్నారు. "మీరు లక్ష్మమ్మే కదా?" అని నర్సు అడిగితే, చెవులు సరిగా వినిపించని పెద్దమ్మ నవ్వుతూ తలూపింది.