టవర్ నుంచి ఇంటి డాబా దాకా రేడియోలకి ఐపీలు ఇచ్చే పద్ధతి

పల్లెలకి వైర్‌లెస్ ఇంటర్నెట్ ఇచ్చే నెట్‌వర్క్ కొత్తగా పెడుతున్నారా, అయితే ఒక్క రేడియో (సిగ్నల్ పంపి, అందుకునే డబ్బా) కూడా పైకెక్కించకముందే ఐపీ ప్లాన్, అంటే ఏ రేడియోకి ఏ అడ్రస్ నంబరో, కాగితం మీద రాసుకోండి, కనెక్షన్లు పెరిగాక నంబర్లు మార్చాలంటే ప్రతి ఇంటి డాబా ఎక్కాల్సొస్తుంది.

నేను గట్టిగా చెప్పేది 10.టవర్.సెక్టార్.డివైస్ పద్ధతే, సెక్టార్ అంటే టవర్ మీద ఒక దిక్కుకి తిప్పిన యాంటెన్నా పరిధి. 10.4.2.57 అని కనబడిందంటే నాలుగో టవర్, రెండో సెక్టార్, అందులో 57 నంబర్ రేడియో. సెక్టార్‌కి ఒక /24 (256 నంబర్ల బ్లాక్), అందులో .1 గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కి దారి ఇచ్చే రౌటర్), .2 టవర్ మీది యాక్సెస్ పాయింట్ (ఇళ్ళ రేడియోలు కలిసేది), .10 నుంచి ఇళ్ళ మీదవి. అర్ధరాత్రి లింక్ పడిపోయినా ఐపీ చూస్తే చాలు ఏ ఊరికి బయల్దేరాలో తెలిసిపోతుంది.

ఇక రేడియో సెట్ చేయడం. యుబిక్విటీ కంపెనీ ఎయిర్‌మ్యాక్స్ రేడియో అయితే డబ్బాలోంచి 192.168.1.20తో వస్తుంది. రేడియో కేబుల్ అడాప్టర్‌లో పీఓఈ (నెట్ కేబుల్‌లోంచే కరెంటు ఇచ్చేది) అని ఉన్న పోర్ట్‌కి, లాప్‌టాప్ కేబుల్ ల్యాన్ పోర్ట్‌కి పెట్టి, లాప్‌టాప్‌కి 192.168.1.10, మాస్క్ 255.255.255.0 ఇచ్చి బ్రౌజర్‌లో ఓపెన్ చేయండి. కొత్తవన్నీ అదే ఐపీతో వస్తాయి కాబట్టి రెండింటిని ఒకే స్విచ్‌కి తగిలించొద్దు, ఏది ఓపెన్ అయిందో తెలీక ఒకదాని సెట్టింగ్ ఇంకోదానికి పెట్టేస్తారు. కంట్రీ ఇండియా, బ్రిడ్జ్ మోడ్ (రేడియో రౌటర్‌లా కాకుండా డేటాని అలాగే దాటించేది), స్టాటిక్ ఐపీ (మారని నంబర్), పాస్‌వర్డ్ మార్చడం, పేరు పెట్టడం, అన్నీ కిందే బల్ల మీద అయిపోవాలి.

గేట్‌వే మాత్రం మర్చిపోకండి. అది లేకపోతే అదే సెక్టార్‌లో ఉన్న మెషీన్ నుంచి పింగ్ (ఉన్నావా అని పలకరిస్తే వచ్చే జవాబు) వస్తుంది, ఆఫీసు నుంచి రాదు, జనం రేడియో పోయిందనుకుని మార్చేస్తుంటారు పాపం.

పైన బిగించాక ఏదైనా మార్చాల్సొస్తే అప్లై కొట్టేముందు టెస్ట్ కొట్టండి, లింక్ తెగినా 180 సెకన్లలో పాత సెట్టింగ్ అదే వెనక్కొస్తుంది. మైక్రోటిక్ కంపెనీ రౌటర్లు, రేడియోల్లో ఇదే పనికి సేఫ్ మోడ్ ఉంది.

ఈ 10 నంబర్లు మన రేడియోల మేనేజ్‌మెంట్‌కే, వాటికి వేరే వీఎల్యాన్ (అదే కేబుల్ మీద విడిగా నడిచే నెట్‌వర్క్) పెట్టండి, కస్టమర్ ఇంట్లోంచి రేడియో లాగిన్ పేజీ కనబడిందంటే అది మన తప్పే. కస్టమర్ రౌటర్‌కి పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే కనెక్షన్) మీద 100.64.0.0/10 లోంచి ఇవ్వండి, 2012లో ఆ బ్లాక్‌ని పక్కన పెట్టిందే ప్రొవైడర్ల నాట్ (చాలామంది కస్టమర్లు ఒకే పబ్లిక్ ఐపీ పంచుకునే పద్ధతి) కోసం, ఇళ్ళల్లో వాడే 192.168 నంబర్లతో గొడవ పడదు. పీపీపీఓఈ అయితే ఎంటీయూ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) 1492, అది సరిగా లేకపోతే కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని తిరుగుతూనే ఉంటాయి.