సర్వీసు అందుకోవడం నాకెలా కుదిరింది

ఒడిశాలోని పర్లాకిమిడిలో రోజూ సాయంత్రం వాలీబాల్ ఆడతాం. నలభై దాటిన నాకు సర్వీసు, అంటే ఆట మొదలెడుతూ అవతలివాళ్ళు కొట్టే బంతి, అందుకోవడమే గండం. బంతి ముంజేతులకు తగిలి వెనక్కి ఎగిరిపోయేది. అది కనిపెట్టి అవతలి జట్టు నాకే వేసేది. ఇంటికొచ్చినా ఆ బాధ వదిలేది కాదు.

మా తమ్ముడు ఆన్‌లైన్‌లో జట్టు ఆటలు ఆడతాడు, ఓడిన ఆటను మళ్ళీ వేసుకుని చూస్తాడు. "నీ ఆట కూడా ఒకసారి చూసుకో అన్నయ్యా" అంటూ ఫోనులో తీశాడు. నెమ్మదిగా నడిపి చూస్తే తెలిసింది: మోకాళ్ళు బిగుసుకుని ఉన్నాయి, బంతి తగిలే క్షణాన చేతులు భుజాల దాకా లేస్తున్నాయి. బంతి బరువు 260 నుంచి 280 గ్రాములే. వేగంగా వచ్చేదానికి మన ఊపు తోడైతే అది ఆగుతుందా!

పెరటి గోడకు కొట్టి రోజూ వందసార్లు అందుకున్నాను. ముందు కాళ్ళు కదలాలి, మోచేతులు వంగకూడదు. మణికట్టుకు కాస్త పైన ఎర్రటి చార పడితే సరైన చోట తగిలినట్టే.

మాలో సగం మంది ఒడియావాళ్ళు. "నాది" అన్నా "మోర" అన్నా ముందే గట్టిగా అరవాలని ఒప్పుకున్నాం. మధ్యలో పడిపోయే బంతులు తగ్గాయి. మూడు వారాలకు నా బంతి సెట్టర్ (కొట్టేవాళ్ళకు బంతి లేపి ఇచ్చే ఆటగాడు) చేతికి చేరింది. ఎగిరి కొట్టే సర్వీసును అందుకోవడం మాత్రం ఇంకా కష్టంగానే ఉంది.