పప్పుధాన్యాల నుంచి తగినంత ప్రోటీన్ పొందడం ఎలా

మాంసాన్ని తగ్గించి పప్పుధాన్యాలకు పెద్దపీట వేయాలనుకునేవారు ముందుగా తమ అవసరమెంతో తెలుసుకోవాలి. ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు 2007లో సూచించారు. ఆ ప్రకారం 60 కిలోల బరువున్నవారికి దాదాపు 50 గ్రాములు అవసరం. ఎండు పప్పు 100 గ్రాములలో 20 నుంచి 25 గ్రాముల ప్రోటీన్ ఉన్నప్పటికీ, ఉడికేటప్పుడు అది నీటిని పీల్చుకుని బరువెక్కుతుంది కనుక, వండిన పప్పు 100 గ్రాములలో 7 నుంచి 9 గ్రాములే ఉంటుంది. అందుచేత కొలత ఎప్పుడూ వండకముందే వేసుకోవాలి.

ప్రోటీన్‌లో ఉండే, శరీరానికి అవసరమైన అమైనో ఆమ్లాలలో లైసిన్ బియ్యం, గోధుమ వంటి ధాన్యాలలోనూ, మిథియోనిన్ పప్పులలోనూ తక్కువ. రెండూ తింటే ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది. వాటిని ఒకే పూట కలిపి తిననక్కరలేదు, ఒకే రోజులో తింటే చాలు. సోయాలో ఈ అవసరమైన అమైనో ఆమ్లాలన్నీ తగుపాళ్లలోనే ఉంటాయి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది వండే పద్ధతి మీద. గింజలను రాత్రంతా నానబెట్టి ఆ నీటిని పారబోస్తే కడుపుబ్బరం తగ్గుతుంది. మొలకెత్తించినా, పులియబెట్టినా ఇనుము, జింకు ఒంటబట్టకుండా అడ్డుపడే ఫైటేట్లు తగ్గుతాయి. రాజ్మా విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ అనే హానికర పదార్థం వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. సన్నని సెగ మీద అది నశించదు కాబట్టి, కనీసం 5 గంటలు నానబెట్టి, నీరు మార్చి, కనీసం 10 నిమిషాలు, వీలైతే 30 నిమిషాలు తెర్లే నీటిలో ఉడికించాలి.

పప్పుధాన్యాల వల్ల మేలు తినేవారికే కాదు, నేలకూ దక్కుతుంది. పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలలోని రైజోబియం సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి. అందువల్ల ఈ పంటలకు నత్రజని ఎరువు చాలా తక్కువగా సరిపోతుంది.

ఇనుము బాగా ఒంటబట్టాలంటే భోజనంలో నిమ్మరసం వంటి సి విటమిన్ ఉన్న పదార్థం చేర్చుకుని, టీ, కాఫీలను భోజనానికి దూరంగా ఉంచాలి. జంతు ఆహారాన్ని పూర్తిగా మానేసేవారు బి12ను మాత్రల ద్వారా గానీ, అది కలిపిన ఆహారం ద్వారా గానీ తప్పనిసరిగా తీసుకోవాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ప్రోటీన్ మోతాదును వైద్యుని అడిగే నిర్ణయించుకోవాలి.