మధ్యగీత కోత మూసేటప్పుడు దారం లెక్క

ఆపరేషన్‌లో పొట్ట మధ్యగీత వెంట పెట్టిన కోతను కుట్టడానికి నెమ్మదిగా కరిగే పీడీఎస్ దారం (2-0 మందం), చిన్న సూది తీసుకోండి. కొవ్వు, కండరం వదిలేసి తెల్లటి అపోన్యూరోసిస్‌నే (పొట్ట కండరాలను కలిపే గట్టి పొర) పట్టాలి: అంచు నుంచి 5–8 మి.మీ. లోపల, కుట్టుకీ కుట్టుకీ 5 మి.మీ. ఎడం. కోత పొడవుకు కనీసం నాలుగు రెట్ల దారం పడాలి, అంటే 20 సెం.మీ. కోతకు 80 సెం.మీ. మిగిలిన ముక్కలు కొలిచి, మొత్తంలోంచి తీసేసి రాసుకోండి. ‘సరిపోయిందిలే’ అన్న అంచనా పనికిరాదు.

అంచులు ఆనితే చాలు. బిగించి లాగితే రక్తం అందక కణజాలం చచ్చిపోతుంది, దారం దాన్ని కోసుకుంటూ వచ్చేస్తుంది, హెర్నియా (బలహీనపడ్డ చోట లోపలి భాగాలు బయటికి ఉబకడం) అక్కడే మొదలవుతుంది. త్వరగా కరిగే విక్రిల్ దారం వద్దు: వారాల్లోనే దాని పట్టు పోతుంది, పొర గట్టిపడడానికి నెలలు కావాలి. నీడిల్ హోల్డర్‌తో (సూదిని పట్టే పరికరం) దారాన్ని నొక్కారో, తెగేది అక్కడే.

బలం కోసం మెష్ (వల) వేస్తే, పూత లేని పాలీప్రొపిలీన్ (ప్లాస్టిక్) మెష్‌ను పేగులకు తగలనివ్వకండి, అతుక్కుపోతుంది.