వయల్లో తేటగా ఉంటే చాలదు: నీటిలో కరగని మందుకు మైక్రోఎమల్షన్ చేసే పద్ధతి

నీటిలో కరగని మందును నూనెలో కరిగించి, ఆ నూనెను 10 నుంచి 100 నానోమీటర్ల బిందువులుగా నీటిలో నిలపడమే మైక్రోఎమల్షన్ పని. పాలూ ఎమల్షనే. కానీ అందులోని కొవ్వు బిందువులు పెద్దవి కాబట్టి వెలుగును చెదరగొట్టి తెల్లగా కనిపిస్తాయి. మైక్రోఎమల్షన్ బిందువులు వెలుగు తరంగం కన్నా చాలా చిన్నవి, అందుకే అది తేటగా ఉంటుంది. నూనె, సర్ఫాక్టెంట్ (నూనెనూ నీటినీ కలిపి ఉంచే సబ్బులాంటి పదార్థం), కో-సర్ఫాక్టెంట్ (దానికి తోడ్పడేది), నీరు సరైన పాళ్లలో కలిస్తే దానికదే ఏర్పడుతుంది. సోనికేటర్ (శబ్ద తరంగాలతో బిందువులను చిదిపే యంత్రం) పెడితే తప్ప తేటపడలేదంటే మీరు చేసింది నానోఎమల్షన్. అది కొంతకాలం నిలిచినా ఎప్పటికైనా విడిపోయేదే.

హోర్, షుల్మన్ అనే శాస్త్రవేత్తలు 1943లో ఇలాంటి పారదర్శక మిశ్రమాలను వర్ణించారు. మైక్రోఎమల్షన్ అన్న పేరు 1959లో వచ్చింది. మందుల రంగంలో దీని సత్తా చూపింది అవయవ మార్పిడి రోగులకిచ్చే సైక్లోస్పోరిన్. దాని మొదటి నూనె ఫార్ములేషన్ (తయారీ రూపం) శాండిమ్యూన్ ఎంత ఒంటబడుతుందన్నది పైత్యరసం మీద, తిన్న తిండి మీద ఆధారపడి మారిపోయేది. 1995లో అమెరికాలో అనుమతి పొందిన దాని కొత్త రూపం నియోరల్ కడుపులో నీళ్లు తగలగానే మైక్రోఎమల్షన్‌గా మారుతుంది, అందుకే ఆ హెచ్చుతగ్గులు బాగా తగ్గాయి. బాలానగర్ నుంచి జీనోమ్ వ్యాలీ దాకా హైదరాబాద్ ల్యాబుల్లో ఫార్ములేషన్ నేర్చుకునే ఎం.ఫార్మసీ విద్యార్థులు పట్టుకోవాల్సిన విషయం ఇదే: వయల్లో (చిన్న గాజు సీసాలో) ఎలా ఉందన్నది సగం సంగతి. పలచబడ్డాక మందు ఎక్కడ ఉందన్నదే అసలు పరీక్ష.

ముందు లెక్క, తర్వాత వయల్

క్యాప్సూల్లో పట్టేది సుమారు 1 గ్రాము అనుకోండి. మోతాదు 10 మి.గ్రా. అయితే గ్రాముకు 10 మి.గ్రా. కరగాలి, సాధ్యమే. మోతాదు 200 మి.గ్రా. అయితే చాలా మందులకు ఈ దారి కుదరదు, మొదటి రోజే వదిలేయడం మేలు. మెల్టింగ్ పాయింట్ బాగా ఎక్కువగా ఉండి నూనెలోనూ కరగని మందులను ఈ రంగంలో ‘ఇటుక పొడి’ అంటారు. వాటికీ ఇది పనికిరాదు.

తర్వాత కరిగే గుణం కొలవాలి. క్యాప్రియోల్ 90, క్యాప్‌మల్ ఎంసీఎం, ఒలీయిక్ ఆమ్లం, ఇథైల్ ఒలియేట్ లాంటి నూనెలు, ట్వీన్ 80, క్రెమోఫోర్ ఆర్‌హెచ్ 40 (ఇప్పుడు కొలిఫోర్ పేరుతో వస్తోంది), లాబ్రసోల్ లాంటి సర్ఫాక్టెంట్లు, ట్రాన్స్‌క్యుటాల్ పి, పీఈజీ 400, ప్రొపైలీన్ గ్లైకాల్ లాంటి కో-సర్ఫాక్టెంట్లు తీసుకుని, ఒక్కోదాన్ని 2 గ్రాముల చొప్పున మూత వయళ్లలో పెట్టండి. మందును మిగిలిపోయేంత వేసి వోర్టెక్స్ యంత్రంపై గట్టిగా కలిపి, 25 డిగ్రీల షేకర్లో 72 గంటలు ఉంచండి. అడుగున కరగని మందు కనిపిస్తూ ఉండాలి. పూర్తిగా కరిగిపోతే ఆ కొలత చెల్లదు, ఇంకొంత వేసి మళ్లీ మొదలుపెట్టాలి. తర్వాత సెంట్రిఫ్యూజ్ యంత్రంలో వేగంగా తిప్పి, పైతేటను 0.45 మైక్రాన్ ఫిల్టర్లో వడకట్టి, మిథనాల్‌తో పలచన చేసి హెచ్‌పీఎల్‌సీ (మందును వేరుచేసి కొలిచే యంత్రం) మీద చూడండి.

ఇక్కడ చాలామంది ట్రాన్స్‌క్యుటాల్‌లో వచ్చిన పెద్ద అంకెకు మురిసిపోతారు. ఆ అంకెను నమ్మకండి. నీళ్లు తగలగానే ట్రాన్స్‌క్యుటాల్ బిందువును వదిలి నీటిలో కలిసిపోతుంది, దాన్ని నమ్ముకున్న మందు స్ఫటికాలై అడుగున పడుతుంది. మందును చివరిదాకా మోసేవి నూనె, సర్ఫాక్టెంట్. నూనెను ఎంచేటప్పుడు దాని సొంత అంకెనే చూడండి.

ఫేజ్ డయాగ్రమ్

ఏ పాళ్లలో మిశ్రమం తేటగా నిలుస్తుందో చూపే పటమే ఫేజ్ డయాగ్రమ్. సర్ఫాక్టెంట్, కో-సర్ఫాక్టెంట్లను 1:1, 2:1, 3:1 బరువు పాళ్లలో కలిపి మూడు ‘ఎస్‌మిక్స్’లు చేసుకోండి. ఒక్కోదాన్ని నూనెతో 1:9 నుంచి 9:1 దాకా తొమ్మిది పాళ్లలో కలపాలి. మొత్తం 27 వయళ్లు. ప్రతి దానిలో నూనె, ఎస్‌మిక్స్ కలిపి 2 గ్రాములు. అన్నీ తూకంతోనే వేయండి. ట్వీన్ 80 చిక్కటి ద్రవం, పిపెట్ గోడకు అంటుకుపోతుంది. మి.లీ. లెక్కన తీస్తే ప్రతిసారీ తక్కువ పడుతుంది.

ఆపై నీటిని మైక్రోపిపెట్‌తో 100 మైక్రోలీటర్ల చొప్పున వేస్తూ, ప్రతిసారీ కలిపి రెండు నిమిషాలు ఆగి చూడాలి. 2 గ్రాముల మిశ్రమానికి మొదటి 100 మైక్రోలీటర్లు సుమారు 5 శాతం నీరు. అంతమాత్రాన ఇరవైసార్లు వేస్తే 100 శాతం కాదు, అప్పటికి 2 గ్రాముల నీరు చేరి 50 శాతమే అవుతుంది. 75 శాతానికి 6 గ్రాములు, 90 శాతానికి 18 గ్రాముల నీరు కావాలి. కాబట్టి 30 మి.లీ. వయళ్లతో మొదలుపెట్టండి, శాతాన్ని ప్రతిసారీ మొత్తం బరువు మీదే కట్టండి. ఈ ఒక్క లెక్క తప్పితే డయాగ్రమ్ మొత్తం పక్కకు జరుగుతుంది.

వయల్ వెనక పత్రిక పెట్టి చిన్న అక్షరాలు చదవండి. అక్షరం అంచు స్పష్టంగా కనిపిస్తే తేట. లేత నీలిఛాయ ఉన్నా ఫర్వాలేదు. పాలరంగు తిరిగితే అది మామూలు ఎమల్షన్. నీరు 30 నుంచి 50 శాతం మధ్యలో కొన్ని వయళ్లు జెల్లులా గట్టిపడి, వంచినా కదలవు. అవి తేటగానే ఉన్నా ద్రవ స్ఫటికాలు కావచ్చు. రెండు పోలరాయిడ్ రేకులను (వెలుగును ఒకే దిశలో వదిలేవి) ఒకదాని దిశకు ఇంకోటి లంబంగా తిప్పి పెట్టి మధ్యలో వయల్ ఉంచండి: మైక్రోఎమల్షన్ చీకటిగానే ఉంటుంది, ద్రవ స్ఫటికాలు చాలావరకు మెరుస్తాయి. సన్న గాలి బుడగలు కూడా మసకగా భ్రమింపజేస్తాయి, అలాంటి వయల్‌ను కాసేపు కదపకుండా ఉంచి మళ్లీ చూడండి. అనుమానం ఉన్నవాటిని 25 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి గుర్తు పెట్టండి.

ఉష్ణోగ్రత ఒకేలా ఉండాలి. ఏసీ లేని గదిలో మే నెలలో గీసిన హద్దు డిసెంబరులో సరిపోదు. క్రెమోఫోర్ ఆర్‌హెచ్ 40 ఎండాకాలంలో డబ్బాలో ద్రవంగా, చలికాలంలో ముద్దగా ఉంటుంది. క్యాప్‌మల్ ఎంసీఎం కూడా చలికి గడ్డకడుతుంది. పైనున్న ద్రవాన్ని మాత్రం తీసుకుంటే పాళ్లు మారిపోతాయి. డబ్బా మొత్తాన్ని 40 డిగ్రీల నీటి తొట్టిలో కరిగించి, బాగా కలిపాకే తీయండి. నీరు డిస్టిల్డ్ అయి ఉండాలి. నగరంలో బోరు నీటిలో కాల్షియం ఎక్కువ, ఒలీయిక్ ఆమ్లంతో కలిస్తే కరగని సబ్బు ఏర్పడి మసకబారుతుంది.

బ్యాచ్

మొదటి ప్రయత్నానికి 20 గ్రాములు చాలు: క్యాప్రియోల్ 90 2 గ్రాములు, ట్వీన్ 80 6 గ్రాములు, ట్రాన్స్‌క్యుటాల్ పి 3 గ్రాములు, నీరు 9 గ్రాములు. ఇది నమూనా మాత్రమే, మీ డయాగ్రమ్ చెప్పిన పాళ్లే చివరి మాట. మందును ముందు నూనెలో వేసి, ట్వీన్, ట్రాన్స్‌క్యుటాల్ చేర్చి, 37 డిగ్రీల దగ్గర మెల్లగా తిప్పుతూ పూర్తిగా కరగనివ్వండి. తర్వాత నీటిని చుక్క చుక్కగా చేర్చాలి. నడుమ గట్టిపడితే కంగారు పడొద్దు, జెల్ ప్రాంతం దాటుతోందంతే.

ఎంత మందు వేయాలి? నూనె, ట్వీన్ మాత్రమే అవే పాళ్లలో, అంటే 1:3లో కలిపి, అందులో కరిగే గుణం విడిగా కొలవండి. ఆ వచ్చిన అంకెలో 80 శాతం మించకుండా వేయడం క్షేమం. మందు వేశాక తేట ప్రాంతం కుంచించుకుపోవచ్చు. అందుకే హద్దు దగ్గరి పాళ్లు కాకుండా ప్రాంతం నడిమధ్య పాళ్లు ఎంచుకుని, మందుతో మళ్లీ సరిచూడండి.

సర్ఫాక్టెంట్ ఎక్కువైతే పేగుకు ఇబ్బంది. ఆహారంలో పాలిసార్బేట్లకు (ట్వీన్ ఈ కోవదే) అంతర్జాతీయ నిపుణుల సంఘం పెట్టిన రోజువారీ పరిమితి కిలో శరీర బరువుకు 25 మి.గ్రా., అంటే 60 కిలోల మనిషికి 1.5 గ్రాములు. పై బ్యాచ్ రోజుకు 5 గ్రాములు ఇస్తే ఆ గీత తాకినట్టే. రోజూ ఏళ్ల తరబడి వాడే మందు అయితే ట్వీన్ వాటా తగ్గించే దారి వెతకాలి.

పలచన పరీక్ష

1 మి.లీ. తీసుకుని 37 డిగ్రీల దగ్గర 100 మి.లీ. నీటిలో, 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్లో విడివిడిగా వేయండి. వెంటనే, 2 గంటలకు, 24 గంటలకు చూడండి. 650 నానోమీటర్ల దగ్గర వెలుగు ప్రసారం 98 శాతం పైన ఉండాలి. కంటికి కనిపించని స్ఫటికాలు కూడా ఉండొచ్చు కాబట్టి వడకట్టి మందు శాతం కొలిచి తీరాలి. నీటిలో నిలిచి ఆమ్లంలో పడిపోతే ఆ మందు బలహీన ఆమ్లం కావచ్చు. కడుపులో దాని నీటిలో కరిగే అయాన్ రూపం పోతుంది, నూనెలో నిలవని భాగం బయటపడుతుంది. అప్పుడు మిశ్రమంలో వేసే మందు తగ్గించండి, లేదా నూనె మార్చండి. ట్రాన్స్‌క్యుటాల్ పెంచితే సమస్య ముదురుతుంది.

బిందువు సైజును, చెదిరిన వెలుగును కొలిచే డైనమిక్ లైట్ స్కాటరింగ్‌తో చూస్తారు. సగటు 100 నానోమీటర్ల లోపు, పీడీఐ (బిందువుల సైజుల్లో తేడా చెప్పే అంకె) 0.3 లోపు ఉంటే మంచిదే. పలచన చేస్తే సైజు మారవచ్చు, అందుకే ఎన్ని రెట్లు పలచన చేశారో రాయని అంకెకు అర్థం లేదు. నీటిలో కరిగే మిథిలీన్ బ్లూ రంగు చుక్క వేగంగా అంతటా పాకితే నీరే బయటి పొర. మందు విడుదలను డయాలసిస్ సంచితో (సన్న రంధ్రాల పొరతో చేసినది) కొలిచేటప్పుడు మామూలు మందు ద్రావణాన్ని కూడా అదే సంచిలో నడపండి. సంచి గోడ చేసే ఆలస్యం వేరుగా తెలుస్తుంది.

ఎండ, క్యాప్సూల్

ఎండాకాలంలో సరుకు వ్యాన్ లోపల వేడి 40 డిగ్రీలు దాటుతుంది. ట్వీన్ లాంటి సర్ఫాక్టెంట్లు వేడికి నీటిని వదులుకుని ఒక ఉష్ణోగ్రత దగ్గర మసకబారతాయి, దాన్నే క్లౌడ్ పాయింట్ అంటారు. పలచన చేసిన నమూనాను నిమిషానికి 1 డిగ్రీ చొప్పున వేడిచేస్తూ కనిపెట్టండి. అది 60 డిగ్రీల పైనుంటే ధైర్యంగా ఉండొచ్చు. తర్వాత 4, 45 డిగ్రీల మధ్య 48 గంటల చొప్పున ఆరు చక్రాలు, 3500 ఆర్‌పీఎం దగ్గర అరగంట సెంట్రిఫ్యూజ్, 40 డిగ్రీలు, 75 శాతం తేమలో నిల్వ పరీక్ష చేయాలి.

క్యాప్సూల్లో నింపాలంటే నీరు లేని మిశ్రమమే నింపాలి, కడుపే నీళ్లు ఇస్తుంది. ఇథనాల్ వాడితే అది జెలటిన్ పెంకులోకి పాకి ఆవిరైపోతుంది, లోపల మందు గడ్డకడుతుంది. ప్రొపైలీన్ గ్లైకాల్ ఎక్కువైతే గట్టి జెలటిన్ పెంకు మెత్తబడి వంగుతుంది. పాత ట్వీన్ డబ్బాలో పెరాక్సైడ్లు పెరిగి ఆక్సీకరణకు లొంగే మందును పాడుచేస్తాయి. కాబట్టి కొత్త డబ్బా తెరిచిన తేదీ మూత మీద రాసి, బ్యాచ్ కట్టే ముందు పెరాక్సైడ్ విలువ చూసుకోండి.