తరంగాలు, 5వ పాఠం: ముందు కూడాలి, ఆ తర్వాతే వర్గం

ఈసారి స్థిర తరంగాలు మొదలుపెట్టాలి. కానీ గత పాఠం చివరి లెక్కలో చాలామంది ఒకేచోట జారారు. అది తేలకుండా ముందుకు వెళ్తే మిగతాదంతా బట్టీ పట్టాల్సి వస్తుంది. అందుకే ఆగుతున్నాను.

లెక్క ఇది. ఒకే ఆంప్లిఫయర్‌కు రెండు స్పీకర్లు తగిలించాం. రెండూ ఒకే స్వరం మోగిస్తున్నాయి. ఏ స్పీకర్ విడిగా మోగినా నడిమధ్య తీవ్రత 1. రెండూ కలిసి మోగితే ఎంత? ఎక్కువమంది 2 అన్నారు. జవాబు 4.

తరంగాలు కలిసినచోట మనం కూడాల్సింది స్థానభ్రంశాలను, ప్లస్ మైనస్ గుర్తులతో సహా. శబ్దానికైతే గాలి పీడనంలో వచ్చే మార్పులను. వచ్చిన మొత్తానికి వర్గం చేస్తే తీవ్రత తెలుస్తుంది. 1, 1 కలిస్తే 2. దాని వర్గం 4. ముందే వర్గాలు చేసేస్తే మైనస్ గుర్తులు చెరిగిపోతాయి. ఇక నిశ్శబ్దం ఎలా వస్తుంది? వ్యతికరణమే, అంటే తరంగాలు కలిసి ఒకచోట పెరిగి మరోచోట తగ్గడమే, మాయమైపోతుంది. ఏటా పరీక్ష పేపర్లలో ఇదే తప్పు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

"మరి ఆ అదనపు శక్తి ఎక్కడిది సార్?" అని కొందరు అడిగారు. మంచి ప్రశ్న. రెండు తరంగాల కంపన పరిమితులు, అంటే గరిష్ఠ స్థానభ్రంశాలు, 3, 4 అనుకోండి. విడివిడిగా తీవ్రతలు 9, 16. దశ కలిసినచోట, ఎత్తు మీద ఎత్తు పడినచోట, 7 వర్గం, అంటే 49. దశ పూర్తిగా ఎదురైనచోట 1. ఈ రెంటి సగటు 25. అదే 9, 16ల మొత్తం. దశాభేదం 90 డిగ్రీలున్నచోట కూడా 25 వస్తుంది, పైథాగరస్‌తో సరిచూసుకోండి. శక్తి కొత్తగా పుట్టలేదు, పోలేదు. ఒకచోట తగ్గింది మరోచోట చేరింది.

2 అన్న జవాబు మీకు ఎందుకు సహజంగా తోచిందో కూడా చెప్పాలి. చెన్నై బజారు రంగనాథన్ వీధిలో ఇద్దరు వ్యాపారులు ఒకేసారి కేకలేస్తే తీవ్రతలే కూడుకుంటాయి. వాళ్ల గొంతుల మధ్య దశాభేదం క్షణక్షణం మారిపోతుంది కాబట్టి మనకు చేరేది సగటే. రోజూ వినే శబ్దాలన్నీ దాదాపు ఇలాంటివే. స్థిరమైన వ్యతికరణం కావాలంటే సంబద్ధ జనకాలు, అంటే తమ మధ్య దశాభేదం మారకుండా నిలిచే తరంగ మూలాలు, ఉండాలి.

మేడ మీద రెండు ఫోన్లలో టోన్ యాప్ పెట్టి, నిశ్శబ్దపు చోటు నిలవడం లేదని రాసినవాళ్లకూ ఇదే సమాధానం. ఏ ఫోన్ గడియారం దానిదే. ఒకటి 700, ఇంకొకటి 700.1 హెర్ట్జ్ మోగినా పది సెకన్లకోసారి శబ్దం పెరిగి తగ్గుతుంది. అవి విస్పందనాలు. ఒకే ఫోన్ నుంచి వైర్లతో రెండు స్పీకర్లకు ఇవ్వండి. గదిలో మాత్రం వద్దు, గోడల ప్రతిధ్వని లెక్క చెడగొడుతుంది.

పథాంతరం (రెండు తరంగాలు నడిచిన దూరాల తేడా) లెక్కల్లో నేను డిగ్రీల జోలికి పోను. పథాంతరాన్ని తరంగదైర్ఘ్యంతో భాగిస్తాను. పూర్ణసంఖ్య వస్తే పెద్ద శబ్దం, సరిగ్గా అర మిగిలితే చిన్న శబ్దం. జనకాలు ఒకే దశలో ఉంటేనే సుమా.

కాంతికీ ఇదే పద్ధతి. సి.వి. రామన్ మెరీనా ఎదుటి ప్రెసిడెన్సీ కాలేజీలో విద్యార్థిగా ఉండగా 1906లో అచ్చయిన ఆయన మొదటి పత్రం కాంతి వివర్తన పట్టీల గురించే, అంటే సందు దాటుతూ వంగిన కాంతి చూపే వెలుగు చీకటి చారల గురించే. ఆ పట్టీల్ని లెక్కగట్టేదీ లెక్కలేనన్ని చిన్న తరంగాల్ని గుర్తులతో కూడే.

అభ్యాసం, కాస్త కష్టమైనదే. క, ఖ స్పీకర్ల మధ్య 3 మీటర్లు. మీరు క కి సూటిగా ఎదురుగా, 4 మీటర్ల దూరంలో నిలబడ్డారు. చెన్నై ఎండలో, 31 డిగ్రీల దగ్గర, ధ్వని వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. 700 హెర్ట్జ్‌కు ఏం వినిపిస్తుంది? 875కు? కంపన పరిమితి దూరానికి విలోమంగా తగ్గుతుందని తీసుకుని, 875 దగ్గర మిగిలే తీవ్రత క ఒక్కటే మోగినప్పటి తీవ్రతలో ఎన్నో వంతో చెప్పండి. తర్వాత ఖ కి వెళ్లే రెండు వైర్లను తారుమారు చేసి, మూడు జవాబులూ మళ్లీ రాయండి.